పది అంకెల ప్రధాన సంఖ్యను మీ చేత్తో మీరే తేల్చుకోవడం ఎలా

ముందు ఈ సంఖ్యని ఒక కాగితం మీద రాసుకోండి: 2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇది ప్రధాన సంఖ్య, అంటే 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా పోదు. ఫోన్‌ని అడిగితే అర క్షణంలో అవునని చెప్పేస్తుంది, కానీ అది ఫోన్ చెప్పిన మాట, మీరు తేల్చుకున్న మాట కాదు. ఒక పెద్ద గళ్ల నోట్‌బుక్, కిరాణా కొట్టులో వాడే 12 అంకెల కాలిక్యులేటర్, కొన్ని సాయంత్రాలు ఉంటే మీరే తేల్చుకోవచ్చు. ఎనిమిది అంకెల చిన్న కాలిక్యులేటర్ మాత్రం కొనకండి, ఈ సంఖ్య అందులో పట్టదు.

నేను మొదటిసారి చేసింది 2018 అక్టోబర్‌లో. తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని కుదిపేశాక పర్లాకిమిడిలో మా వీధికి కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, మా అక్క కూతురు లాంతరు దగ్గర లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒడియా మీడియం పిల్ల, వాళ్ళ పుస్తకంలో వీటిని మౌళిక సంఖ్యలంటారు, ఇంట్లో నేను ప్రధాన సంఖ్యలంటాను, రెండూ ఒకటేనని దానికి ఎప్పుడో తెలిసిపోయింది. నేను ఈ సంఖ్య రాసిచ్చి ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో చూడమన్నాను. "ఏటి మావయ్యా, కింద నుంచి అన్నిటితోటీ భాగించుకుంటూ పోవాలా?" అని అడిగింది. సరైన ప్రశ్న అదే. అన్నిటితోనూ అక్కర్లేదు, దేనితో అక్కర్లేదో ముందు కనిపెట్టాలి, అసలు పనంతా అందులోనే ఉంది.

మొదట ఎక్కడ ఆగాలో చూసుకోండి. ఒక సంఖ్యని రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే ఆ రెండిట్లో చిన్నది దాని వర్గమూలాన్ని దాటదు. 46340ని 46340తో గుణిస్తే 2147395600 వస్తుంది, మనదానికంటే తక్కువ. 46341ని 46341తో గుణిస్తే 2147488281, మనదాన్ని దాటిపోయింది. కాబట్టి 46340 దాకా చూస్తే సరిపోతుంది. అందులోనూ ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు, ఎందుకంటే 15తో పోయేది 3తో ముందే పోయి ఉంటుంది. 46340 లోపు ప్రధాన సంఖ్యలు 4792 ఉన్నాయి. రోజుకి వంద భాగహారాలు చేసినా నెలన్నర పైనే పడుతుంది. చాలామంది ఇక్కడ పుస్తకం మూసేస్తారు, మీరు మూయకండి.

ఇప్పుడు ఈ సంఖ్య ఎలా పుట్టిందో చూడండి. 2ని 31 సార్లు వేసి గుణిస్తే, అంటే 2³¹, 2147483648 వస్తుంది. అందులోంచి ఒకటి తీస్తే మన సంఖ్య. కంప్యూటర్ భాషలో, అంటే 0, 1 మాత్రమే వాడి రాస్తే వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా లేదు. 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల్లో, ధన, రుణ సంఖ్యలు రెండూ దాచుకునే పద్ధతిలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే, అందుకే 1970 జనవరి 1 నుంచి సెకన్లు ఆ పద్ధతిలో లెక్కపెట్టుకుంటూ వస్తున్న పాత కంప్యూటర్లకి 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి, ఆ లెక్క నిండిపోతుంది. అది వేరే కథ. మనకి కావలసింది ఈ ఆకారం, 2 ఘాతంలోంచి ఒకటి తీసిన ఆకారం, ఎందుకంటే ఇలాంటి సంఖ్యకి భాజకాలు ఎలా పడితే అలా ఉండలేవు.

దీన్ని నమ్మేసి ముందుకెళ్ళకండి, చిన్న సంఖ్య మీద చేసి చూడండి. 2¹¹లోంచి ఒకటి తీస్తే 2047. 11 ప్రధాన సంఖ్యే, అయినా 2047 ప్రధాన సంఖ్య కాదు, అది 23 × 89. (ఘాతం ప్రధాన సంఖ్య అయితే ఫలితం కూడా ప్రధాన సంఖ్యేనని చాలామంది అనుకుంటారు, ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే ఆ పొరపాటు మళ్ళీ రాదు.) ఇప్పుడు 23 తీసుకుని, 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, 23 దాటినప్పుడల్లా 23 తీసేస్తూ రాయండి: 1, 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12. తర్వాత 24, అందులోంచి 23 తీస్తే మళ్ళీ 1. సరిగ్గా 11 అడుగుల్లో చుట్టు తిరిగి మొదటికి వచ్చింది. ఈ చుట్టులో లేని 5తో మళ్ళీ మొదలుపెట్టండి: 5, 10, 20, 17, 11, 22, 21, 19, 15, 7, 14, తర్వాత 28, అంటే మళ్ళీ 5. ఇదీ 11 అడుగులే. 1 నుంచి 22 దాకా ఉన్న శేషాలన్నీ రెండు చుట్టుల్లో సర్దుకున్నాయి, ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. పెళ్ళి భోజనాల్లో పంక్తికి 11 మంది చొప్పున కూర్చోబెడితే 22 మంది రెండు నిండు పంక్తుల్లో సరిపోయినట్టు.

మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పారు, వాడుక మాటలో రాయాలని జీవితమంతా పోరాడారు. వాడుక మాటలో చెప్పలేకపోతే ఆ లెక్క నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదని నేను అనుకుంటాను, అందుకే ఈ పంక్తుల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి.

ఇక మన సంఖ్యకి రండి. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకుందాం. దానితో భాగిస్తే 2³¹కి శేషం 1 రావాలి, అంటే రెట్టింపు చేసుకుంటూ పోతే 31 అడుగులకి 1 దగ్గరికి తిరిగి రావాలి. అంతకంటే ముందే రాకూడదా? ముందే వస్తే ఆ చిన్న చుట్టు పొడవు 31ని సమానంగా పంచాలి, 31 ప్రధాన సంఖ్య కాబట్టి అది కుదరదు. కాబట్టి పంక్తికి 31 శేషాలు, పంక్తులన్నీ నిండుగా ఉండాలి, మొత్తం శేషాలు ఆ భాజకం కంటే ఒకటి తక్కువ. అంటే భాజకంలోంచి 1 తీస్తే 31 గుణిజం కావాలి. భాజకం బేసి సంఖ్య కాబట్టి 1 తీస్తే సరి సంఖ్య వస్తుంది, అంటే 62 గుణిజం. ఇంతే! భాజకం ఏదైనా ఉంటే అది 62 గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉంటుంది. 2047 మీద సరిచూసుకోండి: 11 రెట్టింపు 22, 23 అంటే 22 + 1, 89 అంటే 88 + 1.

ఇంకో వడపోత కూడా ఉంది. 2¹⁶ అంటే 65536. దాని వర్గం 2³², అంటే 2³¹కి రెట్టింపు, కాబట్టి మన భాజకంతో భాగిస్తే దాని శేషం 2. ఏదో ఒక సంఖ్య వర్గానికి శేషం 2 వచ్చే బేసి ప్రధాన సంఖ్యల్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మాత్రమే మిగులుతుంది. దీని పూర్తి నిరూపణ పెద్దది, ఇక్కడ రాయను, కానీ పరీక్షించి చూడండి: 7కి 3 వర్గం 9, శేషం 2. 17కి 6 వర్గం 36, శేషం 2. 23కి 5 వర్గం 25, శేషం 2. అదే 5, 11, 13లకి ఎన్ని వర్గాలు వేసినా శేషం 2 రాదు. 62 నియమాన్నీ ఈ 8 నియమాన్నీ కలిపితే భాజకం రెండే రకాలుగా ఉండగలదు: 248 గుణిజం కంటే 1 ఎక్కువ, లేదా 63 ఎక్కువ. 1772లో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త దీన్ని ప్రధాన సంఖ్య అని తేల్చింది ఈ దారిలోనే, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ సంగతి తెలిశాక నేను ఇంక ఓపిక లేదని ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు నోట్‌బుక్ తెరిచి రెండు నిలువు వరుసలు గీయండి. అడ్డ వరుసలకి 0 నుంచి 186 దాకా నంబర్లు వేయండి. ఎడమ పక్క 248ని వరుస నంబరుతో గుణించి 1 కలిపి రాయండి, కుడి పక్క 63 కలిపి రాయండి. ఎడమ పక్క 249, 497, 745, 993, 1241, 1489 ఇలా సాగుతాయి. కుడి పక్క 63, 311, 559, 807, 1055, 1303 ఇలా. మొదట్లో వచ్చే 63 ఎలాగూ ప్రధాన సంఖ్య కాదు, 0 వరుస ఎడమ గడిలో 1 రాయకుండా వదిలేయండి. అవి పోగా మొత్తం 372 సంఖ్యలు. 4792 నుంచి 372కి వచ్చేశాం, ఇంకా ఒక్క భాగహారం కూడా చేయలేదు.

తర్వాత కొట్టివేతలు. దీనికి కూడా భాగించక్కర్లేదు, వరుసలు లెక్కపెట్టుకుంటే చాలు. ఎడమ పక్క 1వ వరుస నుంచి ప్రతి మూడో వరుస (1, 4, 7, 10...) 3తో పోతుంది. కుడి పక్క 0 నుంచి ప్రతి మూడోదీ. 5 కోసం ఎడమ పక్క 3, 8, 13 ఇలా ఐదేసి, కుడి పక్క 4, 9, 14 ఇలా. 7 కోసం ఎడమ పక్క 2, 9, 16 ఇలా ఏడేసి, కుడి పక్క 0, 7, 14. 3తోనే 124 పోయి 248 మిగులుతాయి. 11, 13, 17లకి కూడా ఇదే పని, మొదట పోయే వరుస ఒక్కటి పట్టుకుంటే మిగతావి వాటంతట అవే పడిపోతాయి. ఎరుపు పెన్ను వాడండి, పెన్సిల్ అయితే రెండో రోజుకి ఏది కొట్టేశారో ఏది కొట్టేయలేదో తెలియక టెన్షన్ వస్తుంది. 1500 లోపు చివరికి మిగిలేవి మూడే మూడు: 311, 1303, 1489. పూర్తిగా కొట్టేయగలిగితే 46340 దాకా మిగిలే ప్రధాన సంఖ్యలు వందకి లోపే ఉంటాయి. ఏదైనా సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో అనుమానంగా ఉంటే తంటాలు పడకండి, దానితో కూడా భాగించేయండి, ఒక భాగహారం ఎక్కువవుతుంది తప్ప తప్పేమీ జరగదు.

భాగించడం ఇలా. కాలిక్యులేటర్‌లో 2147483647ని 311తో భాగిస్తే 6905092 తర్వాత చుక్క, ఇంకొన్ని అంకెలు వస్తాయి. చుక్క తర్వాతవి వదిలేసి 6905092ని 311తో గుణించండి, వచ్చిందాన్ని మన సంఖ్యలోంచి తీసేయండి. 35 మిగులుతుంది. సున్నా కాదు, కాబట్టి 311 భాజకం కాదు. 1303కి శేషం 226, 1489కి 199. చుక్క తర్వాత అంకెలు ఉన్నాయి కదా, శేషం ఎందుకు రాయడం అని వదిలేయకండి, శేషం రాస్తేనే తర్వాత సరిచూసుకునే వీలుంటుంది.

సరిచూసుకోవడానికి పాతకాలం తొమ్మిదుల పద్ధతి చాలు. మన సంఖ్య అంకెలు కూడితే 46, మళ్ళీ కూడితే 10, మళ్ళీ కూడితే 1. 311 అంకెలు కూడితే 5, 6905092 అంకెలు కూడితే 31, అంటే 4. 5ని 4తో గుణిస్తే 20, అంటే 2. శేషం 35 అంటే 8. 2 + 8 = 10, అంటే 1. కలిసింది. కలవకపోతే ఎక్కడో తప్పు నొక్కారు, ఆ భాగహారం మళ్ళీ చేయండి. ఇది ప్రతి తప్పునీ పట్టుకోలేదు, కానీ చాలావాటిని పట్టుకుంటుంది.

కాలిక్యులేటర్ కూడా లేని రోజుకి ఇంకో ఉపాయం ఉంది, మేము లాంతరు దగ్గర చేసింది ఇదే. మొత్తం సంఖ్యని ముట్టుకోకుండా వర్గాలు చేసుకుంటూ పోవాలి. 311కి: 2⁸ అంటే 256, 311 తీస్తే −55. దాని వర్గం 3025, 311తో భాగిస్తే శేషం 226, అంటే −85. దాని వర్గం 7225, శేషం 72. ఇది 2³²కి శేషం. సగం చేస్తే 2³¹కి 36, ఒకటి తీస్తే 35. కాలిక్యులేటర్ ఇచ్చిన 35 ఇదే! రెండు వేరు వేరు దారుల్లో ఒకే శేషం వచ్చినప్పుడు ఆ లెక్క గురించి ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

చివరి వరుస, 186వది. కుడి పక్కది 3తో ముందే పోయి ఉంటుంది. ఎడమ పక్క 46129 ఉంటుంది, చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది, నిజానికి అది 163 × 283. మా పిల్ల అది పట్టుకోలేదు, నేనూ ఆ రాత్రి చెప్పలేదు. దానితో కూడా భాగించింది. భాగఫలం 46553, శేషం 40310. ఆ శేషం కింద గీత గీసి, ఒడియాలో మౌళిక అని, పక్కనే తెలుగులో ప్రధాన అని రాసింది.

ఇంకా పెద్దవి కావాలంటే ఈ వరుసల పద్ధతి సాగదు, వేరే పరీక్ష ఉంది. లూకా అనే ఫ్రెంచి గణితవేత్త మొదలుపెట్టాడు, లేమర్ అనే అమెరికన్ గణితవేత్త చక్కబెట్టాడు, ఇది 2 ఘాతంలోంచి ఒకటి తీసిన సంఖ్యలకి మాత్రమే పనికొస్తుంది. 4తో మొదలుపెట్టండి, వర్గం చేసి 2 తీసేయండి, మీ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి, మళ్ళీ అదే చేయండి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 2⁷లోంచి 1 తీసిన 127 మీద చేయండి, ఐదుసార్లు చాలు: 4, 14, 67, 42, 111, 0. భాగించడానికి కూడా ఒక సుళువు ఉంది. 128ని 1గా లెక్కేసుకోవచ్చు కాబట్టి, 67 వర్గంలోంచి 2 తీస్తే వచ్చే 4487లో 128లు 35, మిగిలింది 7, రెండూ కూడితే 42. మడత పెట్టినట్టు కూడేయడమే. అదే పరీక్ష 2047 మీద తొమ్మిదిసార్లు చేస్తే చివర 1736 వస్తుంది, సున్నా కాదు. 2147483647కైతే 29 సార్లు చేయాలి. అయితే మధ్యలో 19 అంకెల వర్గాలు వస్తాయి, 12 అంకెల కాలిక్యులేటర్ వాటిని మోయలేదు, చేత్తోనే చేయాలి.

లూకా ఇలాంటి దారిలోనే 1876లో 2¹²⁷లోంచి 1 తీసిన 39 అంకెల సంఖ్యని యంత్రం ఏదీ లేకుండా తేల్చాడు. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఇచ్చిన ఇలాంటి ప్రధాన సంఖ్యల జాబితాలో అది ఉంది, కానీ అదే జాబితాలో 67 ఘాతం కూడా ఉంది, అది తప్పు. 1903లో కోల్ అనే అమెరికన్ గణితవేత్త దాన్ని 193707721 × 761838257287గా విడగొట్టి చూపించాడు. మన పంక్తుల నియమం ఇక్కడ కూడా వేసి చూడండి: 67 రెట్టింపు 134, 193707720ని 134తో భాగిస్తే సరిగ్గా 1445580, శేషం లేదు.

2024 అక్టోబర్‌లో లూక్ డ్యూరాంట్ అనే ఆయన కనుక్కున్న ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹లోంచి 1 తీసింది. 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు, పేజీకి 3 వేల అంకెలు వేసినా 13 వేల 600 పేజీలు దాటుతుంది. అంకెల లెక్క మీరే వేసుకోవచ్చు: ఘాతాన్ని 0.3010299957తో గుణించి, చుక్క ముందు వచ్చినదానికి 1 కలపండి. పుస్తకాల్లో ఉండే 0.30103 వాడితే ఇంత పెద్ద ఘాతానికి ఒక అంకె తేడా వస్తుంది, చివరి దశాంశాలు వదలకండి.

చివరి రెండు అంకెలు కూడా చేతికి దొరుకుతాయి. 2ని రెట్టింపు చేస్తూ చివరి రెండు అంకెలే రాసుకుంటూ పోండి: 02, 04, 08, 16, 32, 64, 28, 56, 12, 24, 48, 96, 92, 84, 68, 36, 72, 44, 88, 76, 52, మళ్ళీ 04. 04 నుంచి చూస్తే ఇరవై అడుగులకోసారి తిరిగొస్తోంది, మళ్ళీ చుట్టే. 136279841ని 20తో భాగిస్తే శేషం 1. మొదట్లో ఉన్న 02 చుట్టులో లేదు, కాబట్టి ఒకటో అడుగు బదులు ఇరవై ఒకటో అడుగు తీసుకోండి, అక్కడ 52 ఉంది. ఒకటి తీసేస్తే 51.